మల్లి గుర్రుమనడం మానేసిన రోజు

మార్చి మొదటి వారంలో అక్క ఫోన్ చేసింది. అమెరికాలో ఉన్న వాళ్లమ్మాయికి పురుడు. బావగారూ తనూ వెళ్లి ఆర్నెల్లు అక్కడే ఉండాలి. "అన్నీ సర్దుకున్నానే, ఒక్క జూలీ సంగతే తేలట్లేదు" అంది. హైదరాబాద్‌లో కుక్కల్ని ఉంచుకునేచోట రోజుకు 700 అడిగారట. డబ్బు మాట అటుంచి, అన్నాళ్లు కొత్త మనుషుల మధ్య ఆ కుక్క తిండి మానేస్తుందేమోనని అక్క బెంగ. "మా ఇంటికి తెచ్చెయ్యి. పెరడుంది, మల్లి ఉంది, ఒకదానికొకటి తోడుగా ఉంటాయి" అన్నాను.

ఆ మాట అనేటప్పుడు మల్లి నా కాళ్ల దగ్గరే పడుకుని ఉంది. దానికి తోడు కావాలో వద్దో నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మల్లి ఊరకుక్క. ఏడేళ్ల కిందట వానాకాలంలో మా వీధి మురుగుకాలువ పక్కన, అరచేతిలో పట్టేంత పిల్లగా దొరికింది. గోధుమరంగు ఒళ్లు, నిక్కిన చెవులు, 17 కిలోల బరువు. మాది రాజమండ్రిలో పాత ఇల్లు. ముందు గ్రిల్ వేసిన వరండా, తర్వాత హాలు, పడగ్గదులు, వెనక వంటిల్లు, చిన్న గది, పెరడు. ఇందులో మల్లి కాలు పెట్టని చోటు లేదు. వేరే కుక్క కాలు పెట్టిన చోటూ లేదు. హాల్లో కిటికీ కింద, నా మంచం కాళ్ల వైపు, ఎండాకాలం కూలర్ ముందు, ఈ మూడు చోట్లూ దానివి. జూలీ లాబ్రడార్, మూడేళ్లది, 28 కిలోలు. ఫ్లాట్‌లో పెరిగింది. లిఫ్ట్‌లో ఎవరు కనిపించినా వాళ్ల మీదకి ఎగబడి ముద్దులు పెట్టే రకం. రెండూ ఆడవే. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఏటా వేయించాల్సిన టీకాలూ వేయించాం. అంతకంటే చూడాల్సింది ఏముంటుందనుకున్నాం.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్లు కారులో వచ్చారు. గేటు తీసి అందరం ఎదురెళ్లాం. జూలీ ఏడెనిమిది గంటల ప్రయాణం చేసి వచ్చిన ఊపులో తాడు లాక్కుంటూ నేరుగా వరండాలోకి దూసుకొచ్చింది. మల్లి గ్రిల్ లోపల ఉంది. వెనక మేమంతా నిలబడ్డాం, ముందు జూలీ ముఖం. తప్పుకుందామంటే దారి లేదు. మల్లి నోరు మూసుకుపోయింది, ఒళ్లు కర్రలా బిగిసింది, వీపు మీద వెంట్రుకలు లేచాయి. గొంతులోంచి సన్నగా గుర్రుమంది.

పక్కనే కుర్చీలో మా అత్తయ్య ఉన్నారు. ఆవిడకు 78 ఏళ్లు, చేతికర్ర లేకుండా నడవలేరు. నాకు ఆవిడ మీదే భయం. "ఛీ, మల్లీ! తప్పు!" అని వీపు మీద ఒక్కటి వేశాను. మళ్లీ గుర్రుమంది. మళ్లీ వేశాను. మూడోసారి గుర్రుమనలేదు. మూతి నాక్కుని, ముఖం పక్కకి తిప్పుకుని, లోపలికెళ్లి మంచం కింద దూరింది. "చూశారా, అలవాటు పడిపోతుంది" అన్నాం అందరం. అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుని సాయంత్రం బయల్దేరింది.

తర్వాతి రెండు రోజులు ఇంట్లో చప్పుడే లేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఎన్ని కనిపిస్తున్నాయో. జూలీ హాల్లో ఉంటే మల్లి నీళ్ల గిన్నె దగ్గరికి వచ్చేది కాదు. పడుకున్నా కళ్లు మూసేది కాదు. జూలీ ఆడుకుందామని దాని మెడ మీద తల పెడితే మల్లి కదలకుండా బిగుసుకుపోయేది, కంటి చివర తెల్లగుడ్డు కనిపించేది. నేను గమనించలేదని కాదు. గమనించి, "పాపం, సర్దుకుపోతోంది" అనుకున్నాను. మన ఇళ్లల్లో నోరు మెదపని మనిషిని సర్దుకుపోయే మనిషి అంటాం కదా, మల్లినీ అలాగే అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం కూలర్ ముందు మల్లి పడుకుని ఉంది. జూలీ వచ్చి, దానికి ఆనుకుని తనూ పడుకోబోయింది. అంతే. గుర్రుమనడం లేదు, పళ్లు చూపించడం లేదు. ఒక్కసారిగా రెండూ లేచి ఒకదాని మెడ ఒకటి పట్టుకున్నాయి. ఆ చప్పుడు విన్నవాళ్లకే తెలుస్తుంది. అత్తయ్య సోఫాలో ఉన్నారు, ఆవిడ కాళ్లకు రెండడుగుల దూరంలో ఇది జరుగుతోంది. మా వారు ఏమీ ఆలోచించకుండా మధ్యలో చెయ్యి పెట్టేశారు. నేను బాత్రూంలోకి పరిగెత్తి బకెట్ నీళ్లు తెచ్చి రెండింటి ముఖాల మీదా కుమ్మరించాను. పట్టు వదిలాయి. జూలీని బెల్టు పట్టుకుని వంటింట్లోకి లాగి తలుపేశాను. మొత్తం అర నిమిషం కూడా పట్టి ఉండదు. గోడ మీద రక్తం, నేల మీద నీళ్లు, సోఫాలో వణికిపోతున్న అత్తయ్య.

జూలీ చెవి చివర చీలింది. చెవికి చిన్న గాయమైతే చాలు, రక్తం ఆగకుండా కారుతుంది, కుక్క తల విదిలించినప్పుడల్లా గోడలన్నీ రక్తం. మల్లికి పైకేమీ కనిపించలేదు. మా వారి ముంజేతి మీద రెండుచోట్ల చర్మం చీలి రక్తం వస్తోంది. ఏ కుక్క కరిచిందో ఆయనకే తెలియదు. కొళాయి కింద చెయ్యి పెట్టించి సబ్బుతో 15 నిమిషాలు కడిగించాను. ఈ ఒక్క పని మాత్రం ఆ రోజు సరిగ్గా చేశాను. పసుపు పెట్టమని, కట్టు కట్టమని అత్తయ్య అంటున్నా వినలేదు.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, కరిచినవి టీకాలు వేయించిన పెంపుడు కుక్కలే అని చెప్పినా, రక్తం వచ్చింది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దన్నారు. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసే లోపల రేబిస్ క్రిమిని అడ్డుకునే మందు) ఇంజెక్షన్, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్, రేబిస్ టీకా మొదటి డోసు అప్పుడే ఇచ్చారు. తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రమ్మన్నారు. కుక్కల్ని రెండింటినీ పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. "బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారేమోరా" అని అత్తయ్య ఇంటికి రాగానే కొడుకుని పట్టుకుని ఏడ్చారు. ఆ పాత మందు మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ఆ భయంతోనే ఇంకా కొందరు ఆసుపత్రికి వెళ్లకుండా నాటుమందుతో సరిపెట్టుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం.

ఆ సాయంత్రమే రెండు ఆటోలు మాట్లాడి, రెండు కుక్కల్నీ విడివిడిగా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన జూలీ చెవికి రెండు కుట్లు వేశారు. మల్లికి ఏమీ కాలేదని మేమంటే, మెడ మీద వెంట్రుకలు కత్తిరించి చూపించారు. కందిగింజంత చిల్లు రెండుచోట్ల ఉంది. పైకి చిల్లే కనిపిస్తుంది గాని కోరపన్ను లోపల సంచిలా చీల్చేసి ఉంటుందని, పట్టించుకోకుండా వదిలేస్తే చీము పడుతుందని చెప్పారు. కడిగి, కుట్టు వేయకుండా అలాగే వదిలి, వారం రోజులకి మందులు రాశారు. కుక్కలు కొట్టుకున్నాక రక్తం కనిపించకపోయినా ఒళ్లంతా వేళ్లతో తడిమి చూడాలని నాకు అప్పుడే తెలిసింది.

అంతా అయ్యాక ఆయన "కరిచే ముందు గుర్రుమందా?" అని అడిగారు. లేదన్నాను. "అంతకుముందు ఎప్పుడైనా గుర్రుమందా?" మొదటి రోజు సంగతి చెప్పాను, కొట్టానని కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "బండికి హారన్ పీకేసి, చెప్పకుండా గుద్దిందేమిటని అడిగితే ఎలాగమ్మా?" అన్నారు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. గుర్రుమనడమంటే తిట్టడం కాదు, పోట్లాటకు దిగడం కాదు. "నాకు ఇబ్బందిగా ఉంది, కొంచెం దూరం జరుగు" అని చెప్పడం. దానికి తెలిసిన మర్యాద అది. నేను ఆ మాట నోట్లోంచి రాకుండా కొట్టాను. లోపలి ఇబ్బంది మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక చెప్పే దారి లేక నేరుగా కరిచింది. జూలీ చెవి చీలడానికి, మా వారి చేతికి గాయం అవడానికి మొదలు నా చేతిలోనే ఉంది. ఇది అనుభవించాక రాస్తున్నాను: మీ కుక్క ఇంకో కుక్కను చూసి గుర్రుమంటే దాన్ని కొట్టకండి, అరవకండి. రెండింటి మధ్య దూరం పెంచండి, చాలు.

డాక్టరుగారు మల్లిని మళ్లీ బల్ల మీదకి ఎక్కించి పళ్లు, కీళ్లు, చెవులు అన్నీ చూశారు. కుడి చెవి లోపల ఇన్ఫెక్షన్ ఉంది. ఎన్నాళ్ల నుంచి నొప్పి పడుతోందో. జూలీ తల తెచ్చి ఆనించేది సరిగ్గా అక్కడే. నొప్పిగా ఉన్న కుక్క ఓపిక సగమే ఉంటుందని, కొట్లాట జరిగితే ముందు ఒంట్లో బాగుందో లేదో చూపించాలని ఆయన అన్నారు. చెవిలో చుక్కల మందు రాశారు. మా వారు మూతికి చిక్కం కడితే సరిపోతుందా అని అడిగారు. గట్టిగా బిగించే గుడ్డ చిక్కం ఈ ఎండల్లో అసలు వద్దు, కుక్క నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది, బుట్టలాంటిదైతే నెమ్మదిగా తిండి పెడుతూ అలవాటు చేసి కాసేపే వాడుకోవచ్చు అన్నారు. అదీ మనుషుల కాపలాకి బదులు కాదన్నారు.

వీధిలో వాళ్లు చెప్పింది ఇంకోలా ఉంది. "వదిలెయ్యండి, రెండు రోజులు కొట్టుకుని అవే తేల్చుకుంటాయి. ఇంటి కుక్కే పెద్దదని దానికి తెలియాలి" అన్నారు పక్కింటాయన. నేను ఒప్పుకోను. 17 కిలోల కుక్కా 28 కిలోల కుక్కా తేల్చుకోవడమంటే, ఒకటి ఆసుపత్రిలో తేలడమే. పైగా ప్రతి కొట్లాటా తర్వాతి కొట్లాటను ఇంకా దగ్గర చేస్తుంది. మనుషులకు మాత్రం ఒకసారి చెయ్యి చేసుకున్నవాళ్లను చూస్తే ఒళ్లు బిగుసుకోదూ?

ఆ రాత్రి ఇల్లు రెండు భాగాలు చేశాం. వరండా, హాలు, పడగ్గది మల్లివి. వెనక గది, పెరడు జూలీవి. మధ్యలో వంటింటి వైపు దోమల జాలీ తలుపు ఉంది. దానికి పాత దుప్పటి కట్టి ఒకదానికొకటి కనిపించకుండా చేశాం. వడ్రంగిని పిలిచి కింద ఒకటి పైన ఒకటి, రెండు గొళ్లేలు పెట్టించాం. ఫ్రిజ్ మీద చీటీ: "జూలీ పెరట్లో", తిప్పితే "జూలీ గదిలో". ఎవరు తలుపు తీసినా ముందు చీటీ చూడాలి. మొదటి నాలుగు రోజులు అవి ఒకదాన్నొకటి చూడనే లేదు. కొట్లాట తర్వాత ఒంట్లో ఆ ఉద్రేకం వెంటనే దిగదని, రోజులు పడుతుందని, ఆ లోపల మళ్లీ కలిపితే చిన్న విషయానికే అంటుకుంటుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నిజమే. రెండో రోజు కూడా మల్లి గిన్నె చప్పుడుకే ఉలిక్కిపడింది. నాలుగో రోజు మధ్యాహ్నం మొదటిసారి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. దాన్ని అలా చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు.

అప్పుడు మొదలుపెట్టాం. ముందు వాసనలు. జూలీ పడుకున్న తువ్వాలు తెచ్చి హాల్లో ఓ మూల పరిచి, దానికి కాస్త దూరంలో మల్లికి ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు పెట్టేదాన్ని. మల్లి గోనెసంచి తీసుకెళ్లి జూలీ గదిలో అలాగే. మొదటి రోజు మల్లి తువ్వాలు వాసన చూసి గుడ్డు తినకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఇంకా దూరంగా పెట్టాను, తింది. మూడో రోజు తువ్వాలు మీద పెట్టినా తింది.

తర్వాత భోజనాలు. దుప్పటి కట్టిన తలుపుకి అటు పదడుగులు, ఇటు పదడుగుల దూరంలో గిన్నెలు. రెండూ తోక తేలిగ్గా ఊపుతూ తింటే మర్నాడు గిన్నె అడుగు దగ్గరికి జరిపేవాళ్లం. ఏ ఒక్కటి తినడం ఆపి తలుపు వైపు చూస్తూ నిలబడినా మళ్లీ వెనక్కి. పదడుగులు మూడడుగులు కావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తర్వాత దుప్పటి కింది అంచు జానెడు పైకి మడిచాం. కాళ్లు మాత్రమే కనిపించేలా. అత్తయ్య రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని "ఇవాళ ఎంత మడిచావమ్మాయ్?" అని అడిగేవారు.

ఇంట్లో ఇది జరుగుతుండగానే బయట నడక మొదలుపెట్టాం. మల్లికి ఇల్లంటే తన సొంతం, కాబట్టి ముఖాముఖి అక్కడ కాదు, రెండింటికీ సొంతం కాని చోట. ఏప్రిల్ ఎండలు, ఎనిమిదయ్యేసరికి రోడ్డు కాలుతుంది. తెల్లవారుజామున ఐదింటికి లేచి గోదావరి గట్టుకి వెళ్లేవాళ్లం. మల్లిని నేను నడిపించుకుంటూ ముందు బయల్దేరేదాన్ని. పది నిమిషాల తర్వాత మా వారు జూలీతో. మన ఊళ్లలో ఈ నడకకి పెద్ద అడ్డం వీధికుక్కలు. ఒక గుంపు మొరుగుతూ మీదకొస్తే మన రెండు కుక్కలూ ఆ కోపాన్ని ఒకదాని మీద ఒకటి తీర్చుకునే ప్రమాదం ఉంది. అందుకే ముందు రెండు రోజులు కుక్కలు లేకుండా మేమిద్దరమే తిరిగి, ఏ మలుపులో ఎన్ని ఉంటాయో, ఎక్కడ ఉండవో చూసుకున్నాం. ఎదురింటి కుర్రాడు పొడవాటి కర్ర పట్టుకుని కాస్త ముందు నడిచేవాడు. కొట్టడానికి కాదు, నేల మీద తట్టడానికి. అది చాలేది.

మొదటి రోజు మా ఇద్దరి మధ్య దూరం 40 అడుగులకు పైనే. ఎదురెదురుగా కాదు, ఒకే వైపు, ఒకే వేగంతో. మల్లి జూలీని చూసింది. చెవులు ముందుకి వచ్చాయి, నోరు మూసుకుంది. నేను నడక ఆపలేదు, తాడు లాగలేదు. తాడు బిగిస్తే మన చేతిలోని టెన్షన్ దాని మెడలోకి వెళ్లిపోతుంది. వదులుగా పట్టుకుని "పద మల్లీ" అంటూ నడిచాను. కొంతసేపటికి అది తల వంచి నేల వాసన చూసింది, ఒళ్లు విదిలించింది. స్నానం చేసినప్పుడు నీళ్లు విదిలించినట్టే, కానీ ఒంటి మీద నీళ్లు లేవు. అప్పటికి బిగువు దిగిందన్నమాట. మెచ్చుకుని గుడ్డు ముక్క పెట్టాను. అంతలో వంతెన మీద రైలు వచ్చింది. ఆ చప్పుడుకి జూలీ బెదిరి మా వారి కాళ్ల వెనక నక్కింది. మల్లికి ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది ఆగి జూలీ వైపు చూసింది, ఈసారి నోరు కొంచెం తెరిచి, తోక కిందికి వదిలి. నాకైతే మొదటిసారి జూలీ దానికి ఒక కుక్కలా కనిపించిందనిపించింది.

నేను నేర్చుకున్న చదువంతా ఆ గట్టు మీదే. పొట్టలో ఆకలి లేకుండా మూతి నాక్కోవడం, నిద్ర రాకుండా ఆవలించడం, ముఖం పక్కకి తిప్పుకోవడం, ఇవన్నీ "నాకు గొడవ వద్దు" అని కుక్క అనే మాటలు. తోక ఊపితే సంతోషమనుకుంటాం. తోక నిటారుగా లేపి కొసను మాత్రం గబగబా ఆడిస్తే అది సంతోషం కాదు. ఒళ్లంతా వదులుగా ఊగుతోందా, కర్రలా ఉందా అన్నదే చూసుకోవాలి. జూలీకి ఈ భాష సరిగ్గా రాదు. ముద్దుగా పెరిగింది, ఎవరూ దాన్ని వద్దనలేదు. నేరుగా ముఖంలోకి వెళ్లిపోతుంది. అది దాని తప్పు కాదు, దానికీ నేర్పాల్సిందే. మా వారు రోజూ జూలీని పిలవడం, తల తిప్పి చూస్తే తినడానికి పెట్టడం, ఇదే పనిగా చేశారు. నెల తిరిగేసరికి మల్లిని చూస్తూ ఉన్నా "జూలీ" అంటే ఆయన వైపు తిరిగేది. చేతికి కట్టుతో ఆయన అంత ఓపిక పట్టడం నేను పాతికేళ్ల కాపురంలో చూడలేదు.

దూరం రోజుకు కొంచెం తగ్గుతూ పదడుగులకు వచ్చింది. ఒకటి నడిచిన దారిలో వెనక రెండోది వాసన చూసుకుంటూ నడిచేది. మే రెండో వారంలో మొదటిసారి దగ్గరికి వెళ్లనిచ్చాం. ఎదురుగా కాదు, వంపు తిరిగి పక్క నుంచి. వెనక వైపు వాసన చూసుకుంటుంటే మనసులో మూడు లెక్కపెట్టి "మల్లీ, రా" అన్నాను. వచ్చింది. అంతే ఆ రోజుకి. ఇంకాసేపు ఉండనిద్దామని మా వారికి ఆశ. నేను ఒప్పుకోలేదు. బాగున్నప్పుడే విడదీయాలి, చెడే దాకా ఆగకూడదు.

ఇంటికొచ్చాక మాత్రం మళ్లీ జాలీ తలుపే. జూన్‌లో గాని ఇద్దరం కూర్చుని ఉన్నప్పుడు రెండింటినీ హాల్లో కలిసి ఉండనివ్వలేదు, అదీ గిన్నెలు, బంతులు, నమిలే ఎముకలు అన్నీ తీసేశాకే. కూలర్ సమస్య వేరుగా తీర్చాం. కొట్లాట కుక్క బుద్ధి వల్ల కంటే చల్లగాలి వల్ల వచ్చింది కదా. పాత కూలర్ బాగు చేయించి వెనక గదిలో పెట్టాం, తడి గోనెసంచి పరిచాం. రెండింటికీ సరిపడా ఉన్నదాని కోసం అవి ఎప్పుడూ పోట్లాడుకోలేదు.

మధ్యలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. మా వారు బండి మీద ఇంటికొస్తే రెండూ ఒకేసారి గేటు వైపు పరిగెత్తేవి. ఒక రోజు వరండా గుమ్మంలో రెండూ ఇరుక్కుని అరుచుకున్నాయి. చేతిలో ఉన్న స్టీలు పళ్లెం నేలకేసి కొట్టాను. ఆ మోతకి విడిపోయాయి, కుర్చీ అడ్డం పెట్టాను. ఎవరికీ గీత పడలేదు. అప్పటి నుంచి బండి చప్పుడు వినగానే జూలీ ముందు వెనక గదిలోకి. గుమ్మాలు, మంచానికీ గోడకీ మధ్య సందు, ఇలాంటి ఇరుకు చోట్లలో తప్పుకునే వీలుండదు. అక్క వీడియో కాల్ చేస్తే కూడా అంతే. "జూలీ తల్లీ" అన్న గొంతు వినగానే అది ఇల్లంతా గెంతేది, ఆ గెంతులకి మల్లి బిగుసుకునేది. అక్కతో మాట్లాడే చోటు పెరటికి మార్చాం. అక్కడ చెట్టు కింద ఎంతసేపు గెంతినా ఎవరికీ ఇబ్బంది లేదు.

జూలైలో ఒక సాయంత్రం అత్తయ్య జంతికలు తింటున్నారు. కుక్కలకి పెట్టకూడదని ఎంత చెప్పినా, ఆవిడ మనసు ఊరుకోదు. రెండూ చెరోవైపు కూర్చున్నాయి. ఒక ముక్క జారి సరిగ్గా మధ్యలో పడింది. జూలీ మెడ చాచింది. మల్లి ఒళ్లు బిగిసింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను, నా గుండె ఆగిపోయింది.

మల్లి గుర్రుమంది. సన్నగా, స్పష్టంగా, నాలుగు నెలల తర్వాత.

జూలీ ఆగింది. మూతి నాక్కుని, ముఖం తిప్పుకుని, రెండడుగులు వెనక్కి వేసింది. నేను నడుచుకుంటూ వెళ్లి "మల్లీ, రా" అన్నాను. అది ముక్క అక్కడే వదిలేసి నా వెంట వచ్చింది. మా వారు జూలీని పెరట్లోకి తీసుకెళ్లారు. అత్తయ్య కంగారుగా "గుర్రుమంది కదే, కొట్టవే" అన్నారు. "మంచి పని చేసింది అత్తయ్యా" అని మల్లి తల నిమిరాను. నా చేతులు వణుకుతున్నాయి. నేను లాగేసుకున్న మాట దానికి తిరిగొచ్చింది. చెబితే వినేవాళ్లున్నారని అది మళ్లీ నమ్మింది.

ఆ తర్వాత కూడా అవి ఒకే పరుపు మీద పడుకునే స్నేహితులు కాలేదు. ఒకే గదిలో పన్నెండడుగుల దూరంలో, చెరో గోడకి ఆనుకుని నిద్రపోయేవి. మేము బయటికెళ్తే ఎప్పుడూ విడివిడిగానే ఉంచాం, ఒక్క రోజు కూడా ఆ నియమం తప్పలేదు. తిండి చివరి దాకా వేరువేరు చోట్లే. అంతకంటే ఎక్కువ వాటిని అడగడం న్యాయం కాదనిపించింది.

సెప్టెంబర్‌లో అక్కావాళ్లు తిరిగొచ్చి జూలీని తీసుకెళ్లారు. జాలీ తలుపుకి కట్టిన దుప్పటి విప్పి ఉతికి దాచాను. మా వారి ముంజేతి మీద రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి.

ఈ సంక్రాంతికి అక్కావాళ్లు మనవడితో సహా వస్తున్నారు, జూలీ కూడా వస్తోంది. నిన్న మల్లి చెవులు డాక్టరుగారికి చూపించాను, శుభ్రంగా ఉన్నాయన్నారు. దుప్పటి బయటికి తీసి ఎండలో వేశాను. తలుపు గొళ్లేలు తుప్పు పట్టి బిగుసుకుంటే కొబ్బరినూనె రాశాను. అక్కకి ఫోన్ చేసి, కారు నేరుగా ఇంటికి తేవద్దని చెప్పాను. భోగి ముందు రోజు తెల్లవారుజామున ఐదున్నరకి గట్టు దగ్గర ఆపమన్నాను. మల్లీ నేనూ అక్కడ ఉంటాం.